ఐదు పార్కులు, నాలుగు రోజులు, ఒక ఎక్సెల్ షీట్

నిన్న మా వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే ప్రశ్న. "లాంగ్ వీకెండ్‌కి వేగాస్‌లో దిగి, యూటా రాష్ట్రంలో ఐదు నేషనల్ పార్కులూ కవర్ చేయొచ్చా బ్రో?"

చేయొచ్చు. మేం చేశాం కాబట్టే వద్దంటున్నా.

అసలు ఆ "కవర్" అనే మాటతోనే నాకు పేచీ. పరీక్షకి ముందు రాత్రి సిలబస్ కవర్ చేసిన అలవాటు మనకి ఇంకా పోలేదు. అమ్మానాన్న అమెరికా వచ్చారని, పోయిన అక్టోబర్‌లో వ్యాన్ అద్దెకి తీసుకుని, డబ్బా నిండా పులిహోర పెట్టుకుని బయల్దేరాం. ప్లాన్ వేసింది నేనే, తిట్లు తినాల్సిందీ నేనే. నెవాడా దాటి యూటాలో అడుగుపెట్టగానే గడియారం గంట ముందుకి జరుగుతుందన్న సంగతి నా ఎక్సెల్ షీట్‌లో లేదు. మొదటి రోజే గంట పోయింది.

మొదటి పార్కు జయాన్‌లో ఆ సీజన్‌లో లోయలోకి సొంత కార్లు రానివ్వరు, షటిల్ బస్సే. పార్కింగ్ కోసం ఒక లైను, బస్సు కోసం ఇంకో లైను. తలెత్తి చూస్తే ఎర్రటి గోడలు ఆకాశాన్ని సగం మూసేశాయి. నేను మాత్రం టైమ్ చూసుకుంటున్నా.

రెండో పార్కు బ్రైస్ దగ్గర చేసిన తప్పు మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. సన్‌సెట్ పాయింట్ అంచున నిలబడి, కింద వేల కొద్దీ రాతి స్తంభాలు చూసి అమ్మ, "ఎవరు చెక్కార్రా ఇవన్నీ?" అంది. చెక్కింది మంచు. అక్కడ ఎత్తు 8,000 అడుగులు. పగలు కరిగిన నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగుతాయి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగులు ఇంకాస్త విచ్చుకుంటుంది. ఏడాదిలో సగం రాత్రులు ఇదే పని. ఇదంతా చెప్తే అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. కిందికి దిగి వాటి మధ్య నడుద్దామంది. "టైమ్ లేదమ్మా, ఇంకా రెండున్నర గంటల డ్రైవ్ ఉంది" అన్నాను. ఎక్కడికి డ్రైవ్? ఇంకో పార్కుకి! రాళ్ళు చూడ్డానికి వచ్చి, రాళ్ళు చూస్తున్న మనిషిని లాక్కెళ్ళా.

ఆ ఇంకో పార్కు క్యాపిటల్ రీఫ్. దాన్ని అందరూ దారిలో తగిలే ఊరిలా చూస్తారు. నేనూ అంతే. అక్కడ ఎర్ర కొండల మధ్య, ఫ్రీమాంట్ నది ఒడ్డున ఫ్రూటా అనే చోట పండ్ల తోటలున్నాయి. 1880ల నుంచి మార్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు వేసుకున్నవి. ఇప్పుడు పార్కు వాళ్ళే చూసుకుంటారు. కాపు ఉన్నప్పుడు గేటు తీస్తే లోపలికెళ్ళి కోసుకు తినొచ్చు, ఇంటికి తీసుకెళ్తేనే డబ్బులు. మామిడి తోటల్లో పెరిగిన మనిషి మా నాన్న. కిటికీ అద్దం దించి, "ఈ ఎడారిలో తోటేంట్రా! ఆపు ఒకసారి" అన్నారు. "వచ్చేటప్పుడు ఆగుదాం నాన్నా" అన్నాను. వచ్చేటప్పుడు మేం ఆ దారిలో రాలేదు.

నాలుగో పార్కు ఆర్చెస్‌లో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా పోయి రావడానికి మూడు మైళ్ళ నడక, నీడన్నది దాదాపు లేదు. అప్పటికి నాన్న మోకాళ్ళు సహకరించలేదు. కింద వ్యూపాయింట్ నుంచే చూసి, "తిరుమల శిలాతోరణానికి పెద్దన్నలా ఉందిరా" అన్నారు. ట్రైల్ మొదలయ్యే పార్కింగ్ నుంచి నేనొక్కణ్ణే పైకెళ్ళి సెల్ఫీ దిగొచ్చా. ఇక కాన్యన్‌లాండ్స్... 3 లక్షల 37 వేల ఎకరాలు, మేం ఇచ్చింది గంటన్నర.

"ఈసారి కాకపోతే మళ్ళీ చూద్దాం" అనుకోవడానికి రాళ్ళు కూడా హామీ ఇవ్వవు. ఆ ఆర్చెస్ పార్కులోనే 306 అడుగుల ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991లో పెద్ద పెచ్చు ఊడిపడింది. వాల్ ఆర్చ్ అయితే 2008 ఆగస్టులో ఒక రాత్రి మొత్తానికే కూలింది.

కాబట్టి బ్రో, ఐదూ ఒకేసారి వద్దు. జయాన్, బ్రైస్ ఒక ట్రిప్పు. ఆర్చెస్ పక్కనున్న మోయాబ్ ఊళ్ళో మకాం పెట్టి మిగతావి ఇంకో ట్రిప్పు, దానికి సాల్ట్ లేక్ సిటీలో దిగు. గ్రీన్ రివర్ అనే ఊరు దాటి పడమరకి వెళ్తే, సలీనా ఊరి దాకా ఐ-70 హైవే మీద వంద మైళ్ళకు పైగా పెట్రోల్ బంకు లేదు, ముందే ట్యాంకు నింపుకో. రీల్స్ కోసం ట్రైల్ వదిలి నల్లటి మట్టి పెచ్చుల మీద నడవకు. అది ప్రాణమున్న మట్టి, ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మొన్న నాన్న ఫోన్ చేసి, "ఆ తోటలున్న ఊరి పేరేంట్రా?" అని అడిగారు. మిగతా నాలుగు పార్కుల పేర్లు ఆయనకి గుర్తులేవు.