చౌరస్తాలు తగ్గితేనే అభివృద్ధి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసి ఒకే నగరమయ్యాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఊళ్లయితే కలిశాయి. గల్లీలు కలవకుండా చూసుకోవడంలో మనం సాధించిన ప్రగతికి మాత్రం ఇంతవరకు సరైన గుర్తింపు దక్కలేదు. సన్మానం చేసేవాళ్లకు పనికొస్తుందని ఆ ప్రగతిని కొలిచే పద్ధతి ఇక్కడ ఇస్తున్నాం.

నగరం ఎంత పలచగా పరుచుకుపోయిందో చెప్పడానికి జనాభాను విస్తీర్ణంతో భాగించడం పాత పద్ధతి. కానీ జనం వస్తారు, పోతారు. ఇళ్లు కూలుతాయి, మళ్లీ లేస్తాయి. రోడ్డు ఒక్కసారి పడ్డదంటే మాత్రం పడ్డదే. అందుకే క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు వీధులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూసి లెక్క కట్టారు. 2015లో అమెరికాకు కట్టారు, 2020లో ప్రపంచానికి. అమెరికాలో కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలవకపోవడం 1990ల నడుమ శిఖరానికి చేరి, తర్వాత తగ్గుముఖం పట్టిందట. ప్రపంచం మొత్తంగా చూస్తే 1975 నుంచి పెరుగుతూనే ఉందట. అంటే అమెరికా పోటీలోంచి తప్పుకుంది. మనకిదే అదను.

కొలవడం కష్టమేం కాదు. జనమే కలిసి గీసే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్ల గీతలు దించుకోవాలి. రోడ్లు కలిసే చోటు, ఆగిపోయే చోటు నోడ్లు. రెండు నోడ్ల మధ్య ఉన్న రోడ్డు ముక్క లింకు. చౌరస్తాకు నాలుగు దారులు కాబట్టి డిగ్రీ 4, మూడు దారుల కూడలికి 3, కాంపౌండ్ వాల్‌కు తల కొట్టుకుని ఆగిన గల్లీకి 1. డిగ్రీ 2 ఉన్నచోటు వట్టి మలుపు, దాన్ని తీసేయాలి. తీయకపోతే వంకర రోడ్డు మీది ప్రతి మలుపూ కూడలిగా లెక్కకొచ్చి ఫలితం పాడవుతుంది. డివైడర్ ఉన్న రోడ్డు మ్యాపులో రెండు గీతలుగా ఉంటుంది. అలాంటివి రెండు దాటుకుంటే ఒక్క చౌరస్తా నాలుగు నోడ్లయి కూర్చుంటుంది, వాటిని ఒకటి చేయాలి. నగరం హద్దు దగ్గర మ్యాపును కత్తిరిస్తే నర్సంపేట రోడ్డు కూడా అక్కడే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి హద్దుకు బయట కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అదనంగా తీసుకుని, లెక్క లోపలి భాగానికే కట్టాలి.

అన్నిటికంటే పెద్ద తిరకాసు గేటు. నేల మీద గేటుకు తాళం ఉన్నా, మ్యాపు గీసినవాడు దాన్ని గుర్తించకపోతే గీత సాఫీగా లోపలికి పోతుంది. కంప్యూటర్‌కు వాచ్‌మన్ కనపడడు. ఈ లోపం వల్ల మన ప్రతిభ ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక వెంచర్ వేద్దాం. పదెకరాలు, ముందు కమాన్, కమాన్ కింద ఒక్కటే గేటు. నడుమ నలభై అడుగుల రోడ్డు, దాని మీద నాలుగు కూడళ్లు, ఒక్కో కూడలి నుంచి అటొకటి ఇటొకటి ముప్పై అడుగుల గల్లీ. అచ్చం రెండువైపులా పళ్లున్న దువ్వెన. గేటు 1, కూడళ్లు 4, గల్లీ చివరలు 8, మొత్తం 13 నోడ్లు. లింకులు 12. మొదటి కొలత లింకు-నోడు నిష్పత్తి, అది ఎంత ఎక్కువుంటే వీధులు అంత కలిసినట్టు: పన్నెండు లింకులను పదమూడు నోడ్లతో భాగిస్తే 0.92. నడిచేవాళ్లకు పనికొచ్చే కాలనీకి ఈ నిష్పత్తి కనీసం 1.4 ఉండాలని ప్లానర్ల మాట. తిరిగి కలిసే దారి ఒక్కటీ లేని చోట లింకులెప్పుడూ నోడ్ల కంటే ఒకటి తక్కువే, కాబట్టి ఎన్నెకరాలు కొన్నా మీ వెంచర్ 1 దాటదని హామీ ఇవ్వవచ్చు. పైగా 13 నోడ్లలో 8 గోడ దగ్గరే ఆగాయి. కొనేటప్పుడు వీధిపోటు ఉందేమోనని కొలతలు, దిక్సూచీ పట్టుకుని తిరిగినవాళ్లు, వీధికే గోడపోటు తగిలిందని గమనించరు.

ఇప్పుడు చెడగొట్టి చూద్దాం. ఒక్కో పక్కన నాలుగు గల్లీల చివరలను కలుపుతూ గోడ వెంట ఒక వీధి వేస్తే ఆరు లింకులు పెరుగుతాయి. లింకులు 18, నోడ్లు 13. కానీ నాలుగు మూలల్లోని చివరలు ఇప్పుడు వట్టి మలుపులు, వాటిని తీసేస్తే 14 లింకులు, 9 నోడ్లు, నిష్పత్తి 1.56. పక్కనున్న వెంచర్‌వాడూ అదే పని చేసి, మధ్యగోడలో నాలుగుచోట్ల దారి వదిలాడనుకోండి. మలుపులు తీయకముందు రెండింటివి కలిపి 36 లింకులు, గోడ దాటేవి 4, గేట్ల మధ్య మెయిన్ రోడ్డు ముక్క 1, మొత్తం 41. నోడ్లు 26. బయటి మూలల్లో మిగిలిన నాలుగు మలుపులు తీసేస్తే 37 లింకులు, 22 నోడ్లు. నిష్పత్తి 1.68. ఇంత అనర్థం నాలుగు సందులతో జరిగిపోతుంది.

రెండో కొలత చుట్టుతిరుగుడు. నడవాల్సిన దూరాన్ని, గీత గీసినట్టు నేరుగా ఉన్న దూరంతో భాగించాలి. చదరపు గళ్లలా వేసిన వీధుల్లో ఇది ఎంత పోయినా సుమారు 1.41 దాటదు. మన దగ్గర గోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ల మధ్య ఇరవై మీటర్లుంటే, గేటు దాకా పోయి, మెయిన్ రోడ్డెక్కి, పక్క గేటులో దూరి చేరేసరికి 1,200 మీటర్లయితే 60. కూర గిన్నె పంపాలంటే స్కూటర్ తీయాలి. చెత్త బండి ప్రతి గల్లీలోకి పోయి రివర్స్‌లో రావాలి, వంద మీటర్ల గల్లీకి రెండొందల మీటర్ల డీజిల్.

కాకతీయులకు ఈ శాస్త్రం సగమే తెలుసు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోటకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ద్వారంలోకి నేరుగా దూసుకురాకుండా లంబకోణంలో మలుపులు పెట్టారు. అది శత్రువు కోసం. మనం ఆ మలుపులు అంబులెన్స్‌కు కేటాయించాం. నాలుగు దారులూ నడుమ కలిసేలా వేయడం మాత్రం వాళ్ల పొరపాటు. ఏడొందల ఏళ్లు దాటినా ఖిలా వరంగల్ జనం ఇంకా వాటి మీదే తిరుగుతున్నారు. కోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, అంటే దాదాపు 280 ఎకరాలు, డెబ్బై ఎకరాలకు ఒక గేటు. మన వెంచర్‌లో పదెకరాలకే ఒక గేటు, ఆ లెక్కన రుద్రమదేవిని మించిపోయాం. కాకపోతే ఏడు వెంచర్లు పక్కపక్కన వేస్తే ఏడు గేట్లూ ఒకే మెయిన్ రోడ్డు మీదికి తెరుచుకుంటాయి. ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఎందుకు పెరిగిందో తేల్చడానికి ఫ్లైఓవర్ ప్రతిపాదిస్తారు.

నిజం చెప్పాలంటే ప్రతి మూసిన గల్లీ పాపం కాదు. భద్రకాళి చెరువు దగ్గరో, పద్మాక్షి గుట్ట మొదట్లోనో, కాజీపేట రైలు పట్టాల పక్కనో రోడ్డు ఆగక తప్పదు. అసలు పనితనమంతా సర్వే నంబర్ హద్దు దగ్గర కనిపిస్తుంది. లేఅవుట్ పరిశీలించేవాళ్లు రోడ్ల వెడల్పు, పార్కు స్థలం, డ్రైనేజీ చూస్తారు, అన్నీ కాగితం లోపలివే. రోడ్డు హద్దు దాకా గీసి ఉంటుంది. అవతలి వెంచర్ సర్వేయర్ సరిగ్గా అక్కడే పార్కు పెడతాడు, లేదా పదిహేనడుగులు జరిపి రోడ్డు వేస్తాడు. ఒకడు మూడడుగులు మొరం పోసి లేపుతాడు, ఇంకొకడు పొలం మట్టానికే వదిలేస్తాడు. ఇంకా ఘనులుంటారు: రోడ్డుకూ హద్దుకూ మధ్య అడుగు వెడల్పు పట్టీ తమ పేరే ఉంచుకుంటారు. పాత బండ్లబాట ఉంటే ముందు దాని మీద గోడ లేస్తుంది. తర్వాత రోడ్లన్నీ గిఫ్ట్ డీడ్ కింద మున్సిపాలిటీకి రాసిస్తారు. బహుమతి ఇచ్చాక కూడా గేటు దగ్గర "ఎవరింటికి?" అని అడుగుతారు.

2020 ఆగస్టులో, 2023 జూలైలో వచ్చిన వరదలు మాత్రం ఎవరింటికో చెప్పకుండానే లోపలికొచ్చాయి. నీళ్లకు గేటు పాస్ అక్కర్లేదు. ఒకే గేటు, అదీ పల్లంలో ఉన్న కాలనీలో పడవ తప్ప ఇంకో దారి ఉండదు.

కొన్నిచోట్ల అభివృద్ధి నిరోధకులు రాజ్యమేలుతున్నారు. వర్జీనియా రాష్ట్రం 2009లో, పక్క స్థలాలకు దారి కలపని కాలనీ రోడ్ల నిర్వహణ తాము తీసుకోబోమని నిబంధన పెట్టింది, తర్వాత కొంత సడలించింది. 2016 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వం కొత్తగా గోడ చుట్టిన నివాస సముదాయాలు కట్టొద్దని చెప్పింది. మనదగ్గర అంత దూరం పోనక్కర్లేదు. హద్దు దాకా వచ్చిన ప్రతి రోడ్డుకూ అవతల ఎదురు రోడ్డు, అదే వరుసలో, అదే మట్టంలో చూపించాకే అనుమతి అంటే చాలు, ఖర్చు ఒక పెన్సిల్ గీత. అందుకే ఎవరూ అనరు.

కనీసం బ్రోచర్‌లో "100% వాస్తు" పక్కన లింకు-నోడు నిష్పత్తి వేయించాలని మా సిఫార్సు. దానివల్ల జరిగేది ఇదీ:

"అన్నా, ఈ 0.92 ఏంది?"

"అది మన స్పెషల్ సార్. పక్క వెంచర్‌ది 1.56, అందరూ తిరుగుతరు. మనది తక్కువ, కొత్తోడు అడుగు పెట్టడు."

"మరి వెనక నుంచి స్కూల్‌కు దారి ఉంటదా?"

"స్కూల్ కనబడతది సార్. డాబా మీదికెక్కుతే మంచిగ కనబడతది."