నాటకానికి మళ్లీ టికెట్ పెట్టాలి

హైదరాబాద్‌లో శనివారం సాయంత్రం స్టాండప్ కామెడీ షోకి నాలుగైదు వందలు పెట్టి టికెట్ కొనే కుర్రాళ్లు, అదే వారం రవీంద్రభారతిలో ఉచితంగా వేసే తెలుగు నాటకం వైపు రారు. ఈ తరానికి నాటకమంటే తెలియదని రంగస్థల పెద్దలు బాధపడుతుంటారు. నాకు కనిపిస్తున్న కారణం వేరు. ఉచితం చేయడమే నాటకానికి చేటు చేసింది.

మనవాళ్లకు డబ్బిచ్చి నాటకం చూసే అలవాటు లేక కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాలు తరాల పాటు టికెట్ డబ్బుల మీదే బతికాయి. ఊరూరా సొంత డేరా వేసుకుని, తాతల దగ్గర్నుంచి మనవల దాకా వేషాలు కట్టేవాళ్లు. జనం రాకపోతే మర్నాడు పొయ్యి వెలగడం కష్టం. అందుకే మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లేలా తీగలు బిగించి, ఆ పనితనాన్ని పిల్లలకు నేర్పుకున్నారు. పేరున్న నటులను ఒక్కో ప్రదర్శనకు కుదుర్చుకుని వేసే కాంట్రాక్టు నాటకాల కాలంలో ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పేర్లు పోస్టరు మీద కనబడితే చాలు, పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని అరిచేవారు, నచ్చకపోతే గోల చేసేవారు. డబ్బిచ్చి కూర్చున్నవాడికి ఆ హక్కు ఉంటుంది. నటుడికి ఆ భయమూ ఉంటుంది.

సినిమా వచ్చాక నాటకాన్ని నిలబెట్టినవి నాటక పోటీలు నడిపే పరిషత్తులు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. ఆ దారిలో ఎన్నో ఊళ్లలో పోటీలు మొదలయ్యాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. అవే లేకపోతే ఈపాటికి నాటిక రాసేవాళ్లే మిగిలేవారు కాదు. కానీ పోటీకి వేసే నాటిక ముందు వరసలో కూర్చున్న న్యాయనిర్ణేతలను మెప్పించాలి. గంటలో ముగియాలి, చివర్లో కన్నీళ్లు తెప్పించాలి, బహుమతులు రావాలి. ఆ సీజన్ అయ్యాక సెట్టు విప్పేస్తే దాని ఆయుష్షు తీరినట్టే. వెనక కూర్చున్న మనిషి నవ్వాడా, మధ్యలో లేచి వెళ్లాడా అన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

ఆమధ్య మా అమ్మను ఒక ఉచిత ప్రదర్శనకు తీసుకెళ్లాను. ఆరున్నరకు మొదలన్నారు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఎనిమిది దాటింది. నాటిక మొదలయ్యాక అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువై, సగంలో లేచి వచ్చేశాం. ఆ నటులు చాలా బాగా చేస్తున్నారు. నాకు ఇప్పటికీ వాళ్ల ముఖాలే గుర్తొస్తాయి. వంద రూపాయల టికెట్ పెట్టి ఉంటే, ప్రేక్షకుల్ని గంటన్నర శాలువాల కోసం కూర్చోబెట్టే ధైర్యం నిర్వాహకులు చేసేవారా?

కామెడీ షోల్లో ఇది జరగదు. కొత్తగా వచ్చినవాడికి, ఎవరైనా వేదికెక్కి ప్రయత్నించగల ఓపెన్ మైక్‌లో ఐదు నిమిషాలే ఇస్తారు. నవ్వు రాని వాక్యాన్ని మర్నాటికి తీసేస్తాడు, వచ్చినదాన్ని ఇంకా చెక్కుతాడు. ఇలా నెలల తరబడి జనం ముందు పరీక్ష పెట్టుకున్నాకే గంట షోకి టికెట్ పెడతాడు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో ఈ సాధనను దగ్గర్నుంచి చూడొచ్చు. నగరంలో ఈ షోలు చాలావరకు హిందీ, ఇంగ్లిష్‌లో సాగుతాయి. తెలుగులో చేసేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు, నాకు అది చాలా సంతోషం.

జనం ముందు నిలబడి నవ్విస్తూ చురక వేయడం మనకు కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో హాస్య పాత్రలైన కేతిగాడు, బంగారక్క చేసింది అదే. బుర్రకథలో కథకుడికి వంతలు, అంటే పక్కన నిలబడి వంతపాడేవాళ్లు ఇద్దరుంటారు: ఒకపక్క హాస్యం చెప్పేవాడు, మరోపక్క రాజకీయం చెప్పేవాడు. కథ వీరగాథే అయినా ఆ ఊరి సంగతులు, ఆ రోజు ధరలు అందులోకి వచ్చేస్తాయి. వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో, ఒక్క మైకు ముందు నిలబడి సభలను ఊపేశారు. ఈ సంపద ఉన్న భాషలో కామెడీ షో వేరు, నాటకం వేరు అని గిరి గీసుకోవడం నాకు నచ్చదు. తెలుగు కామెడీ చేసే పిల్లలు బుర్రకథ చూడాలి, నాటిక రాసేవాళ్లు ఓపెన్ మైక్‌కి వెళ్లి కూర్చోవాలి.

టికెట్ పెడితే పేదవాళ్లు ఎలా చూస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే జాతరలో తెల్లవార్లూ ఆడే పద్యనాటకం నిజంగా ఉచితమా? ఊరంతా చందా వేసుకుంటుంది, నచ్చిన పద్యానికి అక్కడికక్కడే చదివింపులు చేస్తుంది. అదీ టికెట్టే. ఖరీదు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పెట్టుకుంటారు. పట్నంలో యాభై రూపాయల వరస ఒకటి ఉంచొచ్చు, విద్యార్థులకు తగ్గించొచ్చు. నాటకం టికెట్ 500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ కూడా లేదు.

పరిషత్తులకు నాదొక విన్నపం. ఈ ఏడాది మొదటి బహుమతి వచ్చిన నాటికను, అదే బృందంతో, అదే నెలలో, ప్రసంగాలు లేకుండా చెప్పిన టైముకి వంద రూపాయల టికెట్‌తో వేయండి. నాలుగు టికెట్లు నేను కొంటాను. ఒకటి మా అమ్మకి, నడవ పక్క సీటు.