సవరణ: సింక్ ఫోల్డర్‌ను డిలీట్ చేయకండి

క్లౌడ్ సింక్ (గూగుల్ డ్రైవ్ లాంటి యాప్ మన కంప్యూటర్ ఫోల్డర్‌లోని ఫైళ్లను ఇంటర్నెట్‌లోని స్టోరేజీలోనూ అలాగే ఉంచడం) నత్తనడక నడుస్తుంటే ఏం చేయాలో మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. పెద్దది ముందు చెబుతాను.

"సింక్ ఆగిపోతే ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి" అని రాశాను. దయచేసి అలా చేయకండి. సింక్ నడుస్తుండగా కంప్యూటర్‌లో తీసేసిన ఫైలు క్లౌడ్‌లోనూ పోతుంది. ముందు యాప్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్‌ను అకౌంట్ నుంచి విడదీయాలి, ఆ తర్వాతే ఫోల్డర్ జోలికి వెళ్లాలి. ఇంకా అప్‌లోడ్ కాని ఫైళ్లు క్లౌడ్‌లో ఉండవు కదా, వాటిని పెన్‌డ్రైవ్‌లోకైనా కాపీ చేసి పెట్టుకోండి. నా మాట విని ఇప్పటికే డిలీట్ చేసినవాళ్లు నన్ను క్షమించాలి. టెన్షన్ పడకండి, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. ఈరోజే తెరిచి రీస్టోర్ నొక్కండి.

రెండోది లెక్క తప్పు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబైట్లు కాదు, మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి మహా అయితే 12.5 మెగాబైట్లు. అదీ అప్‌లోడ్ వేగం కూడా అంతే ఉంటేనే. పైగా 1 జీబీ వీడియో ఒక్కటి ఎక్కేదానికన్నా, అదే 1 జీబీ వేల చిన్న ఫైళ్లుగా ఉంటే ఎక్కువసేపు పడుతుంది. వాటిని జిప్ చేసి ఒకే ఫైలుగా పంపి చూడండి.