పైలట్ల కొరత: మాట ఒకటి, లెక్క ఒకటి

రాబోయే ఇరవై ఏళ్లలో ప్రపంచానికి లక్షల మంది కొత్త పైలట్లు కావాలన్న అంచనా ఏటా వెలువడుతూనే ఉంది. విమానాల తయారీ సంస్థ బోయింగ్ ఆ సంఖ్యను 2024లో 6,74,000గా, 2025లో 6,60,000గా చెప్పింది. విమానాలు అమ్ముకునే సంస్థ వాటిని నడిపేవారి అవసరాన్ని తక్కువ చేసి చెబుతుందని ఎవరూ అనుకోరు గానీ, ఫ్లయింగ్ స్కూళ్లు చేసే ప్రచారానికి మాత్రం ఈ అంకెలే ఊతం. సరిగ్గా ఆ 2024లోనే అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మే, జూన్ నెలల్లో కొత్త పైలట్ల నియామకాన్ని ఆపేసింది. ఉన్న పైలట్లలో ఇష్టమైనవారు జీతం లేని సెలవు తీసుకోవాలని కోరింది. సౌత్‌వెస్ట్ నియామకాలకు కళ్లెం వేసింది. స్పిరిట్ ఎయిర్‌లైన్స్ ఏకంగా పైలట్లను పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల లెక్క నిజమే కావచ్చు, ఆ ఏటి లెక్కా నిజమే. అప్పు చేసి లైసెన్సు తెచ్చుకున్న యువకుడు కట్టాల్సిన వాయిదా మాత్రం ఇరవై ఏళ్ల సగటు కోసం ఆగదు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అగాధాన్ని ‘కొరత’ అనే ఒక్క మాటతో కప్పెట్టడం ఇకనైనా మానాలన్నది మా అభిప్రాయం.

ఈ ఎగుడుదిగుళ్లు ఎలా వస్తాయో తెలుసుకోవడానికి అమెరికాను మించిన ఉదాహరణ లేదు. కొవిడ్ కాలంలో అక్కడి ప్రయాణికుల విమానయాన సంస్థలకు జీతాలు చెల్లించేందుకే ప్రభుత్వం మూడు విడతలుగా దాదాపు 5,400 కోట్ల డాలర్లు సమకూర్చింది. ఉద్యోగులను తొలగించకూడదన్నది అందుకు షరతు. ఖర్చు తగ్గించుకునే తొందరలో ఉన్న సంస్థలు షరతును మీరకుండానే మరో దారి వెతికాయి. రిటైర్మెంటుకు దగ్గరపడిన వేల మంది సీనియర్ పైలట్లకు ప్యాకేజీలిచ్చి ముందుగానే సాగనంపాయి. రెండేళ్లు తిరగకముందే ప్రయాణికులు వెల్లువలా తిరిగొచ్చారు. విమానాలున్నాయి, టిక్కెట్లు అమ్ముడవుతున్నాయి, కాక్‌పిట్‌లో కూర్చునేవారే లేరు. దాంతో 2022లోనూ 2023లోనూ పెద్ద సంస్థలు ఏటా 12 వేలకు పైగా పైలట్లను చేర్చుకున్నాయి. అంతకుముందెన్నడూ అక్కడ ఆ స్థాయి నియామకాలు లేవు. 2023 మార్చిలో డెల్టా తన పైలట్లకు నాలుగేళ్లలో 34 శాతం పెంపుతో కొత్త ఒప్పందం చేసుకుంది. అమెరికన్, యునైటెడ్ అదే బాట పట్టాయి, 2024 జనవరిలో సౌత్‌వెస్ట్ కూడా వాటి సరసన చేరింది. లైసెన్సు చేతిలో ఉంటే చాలు, పెద్ద సంస్థ పిలుపు తప్పదన్న నమ్మకం పాతుకుపోయింది ఆ రెండేళ్లలోనే.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసినవేవీ పైలట్ల చేతుల్లో ఉన్నవి కావు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 737 మ్యాక్స్ 9 విమానం గాలిలో ఉండగా, వాడకంలో లేని తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన బోల్టులు ఫ్యాక్టరీలో బిగించనేలేదని దర్యాప్తులో తేలింది. అమెరికా పౌరవిమానయాన నియంత్రణ సంస్థ వెంటనే 737 మ్యాక్స్ ఉత్పత్తిని నెలకు 38కి మించనీయబోమని కట్టడి చేసింది. రావాల్సిన విమానాలు రాకపోతే వాటిని నడపాల్సినవారికీ పని ఉండదు. విమానాలన్నీ 737లే అయిన సౌత్‌వెస్ట్‌కు ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది. అంతకు ఆరు నెలల ముందు, 2023 జులైలో, ఎయిర్‌బస్ ఏ320 నియో విమానాలకు అమర్చే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల తయారీకి వాడిన లోహపు పొడిలో మలినాలు ఉన్నట్లు బయటపడి, తనిఖీల కోసం వందల విమానాలు నేల మీదే నిలిచిపోయాయి. వాటిలో స్పిరిట్ విమానాలూ ఉన్నాయి. మరో విమానయాన సంస్థ జెట్‌బ్లూతో విలీనాన్ని 2024 జనవరిలో న్యాయస్థానం అడ్డుకోవడంతో చివరి ఆశ కూడా పోయిన ఆ సంస్థ, అదే ఏడాది నవంబరులో దివాలా రక్షణ కోరింది. 2025 ఆగస్టులో రెండోసారి అదే గుమ్మం తొక్కింది. ఎక్కడో బోల్టు బిగించడం మరిచినందుకు, మరెక్కడో లోహపు పొడిలో మలినం కలిసినందుకు ఆ ఇంజిన్‌ను ఎన్నడూ చూడని పాతికేళ్ల ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఏళ్ల తరబడి వెనక్కి జరగడం ఈ వృత్తిలో మామూలు.

ఏడాదో రెండేళ్లో ఆలస్యమైతే ఏమైందని బయటివారికి అనిపించవచ్చు. సీనియారిటీ జాబితా గురించి తెలిసినవారు అలా అనరు. అమెరికాలోని పెద్ద విమానయాన సంస్థల్లో పైలట్ నైపుణ్యం అర్హతకే పరిమితం. ఆ తర్వాత ప్రతిదీ చేరిన తేదీని బట్టే నడుస్తుంది. ఏ నగరం నుంచి డ్యూటీ ఎక్కాలి, ఏ విమానం నడపాలి, పండగ రోజు ఇంట్లో ఉండాలా హోటల్లో ఉండాలా, కెప్టెన్ సీటు ఏ వయసులో దక్కాలి అన్నవన్నీ ఆ జాబితాలో ఉన్న వరుస సంఖ్యే తేలుస్తుంది. ఒకేసారి శిక్షణ పూర్తిచేసిన ఇద్దరు మిత్రుల్లో ఒకరు ఈ నెల తరగతిలో, మరొకరు మూడు నెలల తర్వాతి తరగతిలో చేరారనుకుందాం. ఆ మూడు నెలల్లో సంస్థ వందల మందిని చేర్చుకుని ఉంటే, రెండో వ్యక్తి ముప్పయ్యేళ్ల ఉద్యోగమంతా ఆ వందల మంది వెనకే నడవాలి. మాంద్యం వస్తే తీసివేత మొదలయ్యేది జాబితా అడుగు నుంచే కనుక ముందుగా ఇంటిదారి పట్టేదీ ఆయనే. పోనీ వేరే సంస్థకు వెళ్దామంటే అక్కడ మళ్లీ అట్టడుగు నుంచే మొదలుపెట్టాలి. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ అయినా సంస్థ మారిన రోజున కొత్తవాడే. ఇంత కఠినమైన నియమం మిగతా వృత్తుల్లో అరుదు. దాన్ని రద్దు చేయాలని పైలట్ల సంఘాలు అడగవు, ఎందుకంటే పైవారి పక్షపాతం నుంచి వారిని కాపాడుతున్నదీ అదే. 2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ విలీనమైనప్పుడు రెండు జాబితాలను ఎలా కలపాలన్న దానిపై మొదలైన తగాదా దాదాపు పదేళ్లు నడిచింది. ఒకే సంస్థ పైలట్లు అన్నేళ్లూ తూర్పు, పడమర అని రెండు వర్గాలుగా విడివిడిగా విమానాలు నడిపారంటే ఆ వరుస సంఖ్య విలువేమిటో ఊహించుకోవచ్చు.

తప్పుడు సమయంలో ఈ రంగంలో అడుగుపెట్టినవారి గతి ఏమిటో ఇంతకుముందు తరం రుచి చూసింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వేల మంది పైలట్లు ఉద్యోగాలకు దూరమయ్యారు, యునైటెడ్, డెల్టా వంటి దిగ్గజాలు వరసగా దివాలా తీశాయి. కాస్త తేరుకుంటున్నారనగా 2007 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 60 నుంచి 65కు పెంచింది. సీనియర్లకు అది వరమే, కింద ఉన్నవారికి మాత్రం అయిదేళ్లపాటు ఖాళీలే లేకుండా చేసిన నిర్ణయం. మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. పెద్ద సంస్థలకు చిన్న పట్టణాల నుంచి ప్రయాణికులను చేరవేసే ప్రాంతీయ సంస్థల్లో కుడి సీటులో కూర్చున్న ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) పదేళ్లయినా అక్కడే ఉండిపోయారు. వారిలో కొందరి మొదటి ఏడాది ఆదాయం 20 వేల డాలర్లకు కూడా చేరేది కాదు.

ఆ దుస్థితి 2009 ఫిబ్రవరి 12న లోకానికి తెలిసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం ఓ ఇంటిపై కూలి 50 మంది చనిపోయారు. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ పశ్చిమ తీరంలోని సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణించి తూర్పు తీరంలోని నెవార్క్ చేరి డ్యూటీ ఎక్కారు. డ్యూటీ ఉన్న ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత కూడా ఆ జీతానికి లేదన్న సంగతి విచారణలో చర్చకు వచ్చింది. మృతుల కుటుంబాలు పట్టు విడవకుండా పోరాడితే 2010లో చట్టం వచ్చింది, 2013లో నిబంధన అమల్లోకి వచ్చింది. కో-పైలట్‌కు కూడా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. సైన్యం నుంచి వచ్చినవారికి 750, గుర్తింపు ఉన్న వైమానిక డిగ్రీ చేసినవారికి 1,000 గంటలు చాలు. కోల్గన్ పైలట్లిద్దరికీ 1,500 గంటలకు పైగా అనుభవం ఉందని, ఈ నిబంధన ఆ ప్రమాదాన్ని ఆపేది కాదని విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా దాన్ని సడలించాలన్న వాదన సంస్థలకు మనుషులు దొరకనప్పుడే ఎందుకు తలెత్తుతుందో గమనించాలి. తన శిక్షణ పొందినవారికి 750 గంటలు చాలనాలని 2022లో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ కోరితే నియంత్రణ సంస్థ తిరస్కరించింది. సరైన పనే చేసింది. భద్రతా ప్రమాణం నియామకాల సీజన్‌ను బట్టి పెరిగి తరిగేది కాకూడదు. పైగా అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ప్రాంతీయ సంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు గంటకు 90 డాలర్లు ఇస్తామనగానే దరఖాస్తులు వచ్చాయి. కొరతలో జీతం వాటా ఎంతో అప్పుడే తేలిపోయింది.

ఆ గంటలు ఎలా పోగవుతాయన్నదే అసలు ప్రశ్న. శిక్షణకే లక్ష డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, రెండు మూడు వందల గంటలతో లైసెన్సు పుచ్చుకున్న కుర్రవాడు మిగతా గంటల కోసం ఎక్కువగా ఎంచుకునేది ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగమే. చిన్న సెస్నా శిక్షణ విమానంలో పక్క సీటులో కూర్చుని, కొత్త విద్యార్థి అదే రన్‌వే మీద దిగి, చక్రాలు ఆనగానే మళ్లీ లేస్తుంటే నియంత్రణ తప్పకుండా కాచుకుని ఉండాలి. మేఘాలు కమ్మితే ఎగరడం ఉండదు, ఆ రోజు లాగ్‌బుక్‌లో గంటలు పడవు, చేతికి డబ్బూ రాదు. ఇలా ఏడాదిన్నర, రెండేళ్లు గడిపి 1,500 గంటలు చేరినవాడికి 2022లో ప్రాంతీయ సంస్థలు జాయినింగ్ బోనస్ ఇచ్చి మరీ ఎదురొచ్చాయి. 2024లో అదే గంటలతో వచ్చినవారిలో చాలామందికి ఎంపికైనట్లు ఉత్తరం అందింది గానీ, శిక్షణ తరగతి తేదీ మాత్రం నెలలు గడిచినా రాలేదు. ప్రాంతీయ సంస్థలకు అప్పుడు కావలసింది కొత్తవారు కాదు, కెప్టెన్లు. ఉన్న కెప్టెన్లను పెద్ద సంస్థలు ఎగరేసుకుపోయాయి. కెప్టెన్ కావాలంటే విమానయాన సంస్థలో 1,000 గంటలు నడిపి ఉండాలి. ఆ గంటలు తెచ్చుకుందామంటే పక్కన కూర్చోబెట్టుకుని నడిపించే కెప్టెన్ లేడు. కొరత అనుభవజ్ఞులకు, రద్దీ కొత్తవారికి. రెండూ ఒకే చోట, ఒకే సమయంలో ఉన్నప్పుడు పత్రికలతో సహా అందరం పైలట్ల కొరత అనే రాశాం.

రద్దీ పెరిగినకొద్దీ ఎంపికలో రాతలో లేని షరతులు చేరతాయి. నాలుగేళ్ల డిగ్రీ ఉండి తీరాలన్న నిబంధనను 2022 జనవరిలో డెల్టా తీసేసింది. అయినా ఒక్క సీటుకు పదిమంది నిలబడినప్పుడు డిగ్రీ ఉన్నవాడి వైపే చూపు వెళుతుంది. జెట్ విమానంలో కెప్టెన్‌గా నడిపిన గంటలున్నవారు ముందుంటారు. ఏ దశలోనో లైసెన్సు పరీక్షలో తప్పిన సంగతి నియంత్రణ సంస్థ రికార్డుల్లో ఉంటుంది కనుక దాచే వీల్లేదు. అలా ఒకసారి తప్పినా 2022లో ఎవరూ పట్టించుకోలేదు, రద్దీ ఉన్న ఏడాదిలో మాత్రం ఇంటర్వ్యూ పిలుపే రాకపోవచ్చు. అందుకే ఈ రంగంలోకి వచ్చేవారికి ఒక సంగతి చెప్పక తప్పదు. నియామకాలు జోరుగా ఉన్న ఏడాదిలో పక్కవాడికి సరిపోయిన అర్హతలను కొలమానంగా పెట్టుకోవద్దు. శిక్షణ మొదలుపెట్టిన రోజుకు, పెద్ద సంస్థకు దరఖాస్తు చేసే రోజుకు మధ్య నాలుగైదేళ్లు గడిచిపోతాయి, ఆ కాలంలో గాలి ఎటు తిరుగుతుందో సంస్థల అధిపతులకే తెలియదు.

అయితే హెచ్చరికలన్నీ యువతకే చేసి ఊరుకోవడం న్యాయం కాదు. గిరాకీ ఉన్నప్పుడు శిక్షణార్థులను ఊరించి, తగ్గగానే చేతులు దులుపుకునే సంస్థలకూ బాధ్యత ఉంది. ఇప్పుడు చాలా పెద్ద సంస్థలు శిక్షణ దశలోనే అభ్యర్థులను ఎంచుకునే సొంత క్యాడెట్ పథకాలు నడుపుతున్నాయి. యునైటెడ్ ఏకంగా అరిజోనాలో ఫ్లయింగ్ స్కూలే పెట్టింది. ఆ పథకాల్లో సంస్థ పేరు పెద్దదిగా కనిపిస్తుంది, ఉద్యోగంపై ఇచ్చే హామీ మాత్రం షరతుల చాటున ఉంటుంది. అప్పు విద్యార్థిది, లాభం వస్తే సంస్థది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో మొదలుపెట్టిన స్పీడ్‌బర్డ్ అకాడమీ శిక్షణ ఖర్చంతా తానే భరిస్తానంది. ఏటా కొద్దిమందికి మాత్రమే చోటున్న ఆ పథకానికి వేల దరఖాస్తులు వచ్చాయి. ఈ వృత్తిపై ఆసక్తి ఉన్నవారికి కొదవ లేదని, అడ్డొస్తున్నది డబ్బేనని దీన్నిబట్టి అర్థమవుతోంది. తనకు కావలసిన పైలట్‌ను తన ఖర్చుతో తయారుచేసుకునే సంస్థ ఎంతమంది కావాలో లెక్క తప్పకుండా చూసుకుంటుంది, తప్పితే నష్టం దానిదే కనుక. నష్టం ఎదుటివాడిదైనప్పుడే లెక్కలు ఉదారంగా ఉంటాయి.

కనీసం సమాచారమైనా దాచకుండా చూడాలి. ఫ్లయింగ్ స్కూళ్లు తమ వద్ద చేరినవారిలో ఎందరు శిక్షణ పూర్తిచేశారో, వారిలో ఎందరికి ఎన్ని నెలల్లో విమానయాన సంస్థలో ఉద్యోగం దొరికిందో ఏటా వెల్లడించాలని నియంత్రణ సంస్థలు ఆదేశించాలి. ఎంపిక ఉత్తరాలిచ్చిన సంస్థలు ఎంతమంది తరగతి తేదీ కోసం నిరీక్షిస్తున్నారో బయటపెట్టాలి. గడువులోగా పిలవలేకపోతే మరో సంస్థలో చేరేందుకు అభ్యర్థిని ఏ జరిమానా లేకుండా వదిలేయాలి. రిటైర్మెంటు వయసును 67కు పెంచాలని 2023లో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించిన ప్రతిపాదన 2024 మే నాటి తుది చట్టంలో చోటు దక్కించుకోలేకపోయినా, ఆ డిమాండు చల్లారలేదు. దాన్ని తిరిగి చర్చకు తెచ్చేవారు 2007లో ఒక్క సంతకంతో నిలిచిపోయిన ఆ అయిదేళ్లను లెక్కలోకి తీసుకోవాలి. పెంచడమే తప్పదనుకుంటే నెలల వారీగా, కొన్నేళ్లపాటు దశలుగా పెంచాలి; ఆ దశల తేదీలు ఈ రోజు శిక్షణలో చేరుతున్నవారికి ముందే తెలియాలి.