కాల్విన్ చెప్పిన కళ్లజోడు

‘విశ్వాస సమర్థనలో ప్రత్యక్షత, హేతువు, లేఖనం’ అనే అంశం మీద యౌవనస్థుల కూడికలో మాట్లాడమని పాస్టరు గారు అడిగినప్పుడు, వద్దనడానికి నాకు హేతువేదీ దొరకలేదు. వారం రోజులు కూర్చుని ఎనిమిది పేజీలు రాసుకున్నాను. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ తన వేదాంత గ్రంథం ‘ఇన్‌స్టిట్యూట్స్’ 1559 నాటి కూర్పులో చెప్పిన ఉపమానం. చూపు మందగించిన వృద్ధుల ముందు ఎంత చక్కని గ్రంథం పెట్టినా, అందులో ఏదో రాసి ఉందని గుర్తిస్తారే తప్ప రెండు మాటలు కూడబలుక్కోలేరు, కళ్లజోడు అందిస్తే స్పష్టంగా చదువుతారు. సృష్టిని చూసి దేవుణ్ణి మసకగా ఎరిగే మనిషికి లేఖనం అటువంటి కళ్లజోడు అంటాడాయన.

ఆదివారం నేను బయలుదేరుతుండగా మా ఆవిడ వంటింట్లోంచి, “ఏమండీ, బల్ల మీద ఉన్నది నా కళ్లజోడు, మీది టీవీ పక్కన ఉంది” అని చెప్పింది. ప్రత్యక్షత అంటే, మన వెదుకులాటతో పని లేకుండా తెలిసినవారే తెలియజేయడమని మూడో పేజీలో నేనే రాసుకున్నాను. అయినా విన్నదాన్ని విన్నట్టు ఒప్పుకోక విచారణకు పెట్టాను. నా కళ్లజోడు డబ్బా గోధుమ రంగుది, బల్ల మీదిదీ గోధుమ రంగుదే, ఆవిడ తన కళ్లజోడును ఎన్నడూ చేతిసంచిలోంచి బయట పెట్టదు, కాబట్టి ఇది నాదే. తర్కంలో దోషం లేదు. కిందటి నెలలో ఇద్దరికీ ఒకే దుకాణంలో ఒకే రకం డబ్బాలు ఇచ్చారన్న సంగతి మాత్రం నా లెక్కలోకి రాలేదు.

పుల్పిట్ ఎక్కి కళ్లజోడు పెట్టుకున్నాను. ఎనిమిది పేజీల్లోనూ ఏదో రాసి ఉందని మాత్రం తెలిసింది.

“ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి” అన్న పందొమ్మిదో కీర్తన చిన్ననాడే కంఠస్థమైంది గనుక, సాధారణ ప్రత్యక్షత, అంటే సృష్టి ద్వారా దేవుడు అందరికీ తన్ను తెలియజేసుకోవడం, గట్టెక్కింది. తరువాత హేతువు వంతు. దేవుడున్నాడని బుద్ధితో నిరూపించవచ్చు గాని త్రిత్వం వంటి మర్మాలు బయలుపరిస్తే తప్ప తెలియవన్న పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్‌ను తలచుకుని, ఆ నిరూపణకు ఆయన చూపిన ఐదు మార్గాలను వేళ్ల మీద లెక్కపెట్టసాగాను. చలనం, కారణం, ఉన్నా లేకున్నా కావచ్చునన్న వస్తువులకు ఉండితీరవలసిన ఆధారం. ఆ మూడో వేలి దగ్గరే చెయ్యి ఆగిపోయింది. “అంకుల్, మిగతా రెండు?” అని వెనక వరుసలోంచి ఒక అబ్బాయి అడిగాడు. సృష్టి నుంచి కలిగే జ్ఞానానికి కొంత చోటివ్వాలని స్విస్ వేదాంతి ఎమిల్ బ్రన్నర్ వాదిస్తే, సాటి వేదాంతి కార్ల్ బార్త్ 1934లో ‘కాదు!’ అన్న శీర్షికతోనే జవాబు రాసి అచ్చు వేయించాడు. ఆ క్షణాన ఆ అబ్బాయికి కూడా అంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

ఇక లేఖనమే దిక్కని పేతురు మొదటి పత్రిక 3:15 అందుకుని, “మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి” అని గంభీరంగా వల్లించాను. ముందు వరుసలో చాప మీద కూర్చున్న మామ్మగారు, అక్షరం ముక్క రాకపోయినా వాక్యం విని విని నోటికి తెచ్చుకున్న మనిషి, “నాయనా, ‘సాత్వికముతోను భయముతోను’ అన్నది వదిలేశావు” అన్నారు. మన బైబిల్లో సమాధానమంటే జవాబూ అవుతుంది, శాంతీ అవుతుంది; అప్పటికి నా దగ్గర రెండూ లేవు.

అంతలో మా ఆవిడ వచ్చి, నా కళ్లజోడు చేతికిస్తూ, “చెప్పానుగా, బల్ల మీదిది నాదని” అంది. గుసగుసగానే అంది గాని, మైకు ఆ మాటను గుడి బయట చెప్పుల దాకా వినిపించింది.

కళ్లు తుడుచుకుని, మిగిలిన రెండు మార్గాలు, అంటే గుణాల్లోని తరతమాలు, సృష్టిలోని క్రమం, చదివి వినిపించి, కాల్విన్ పేజీ తీశాను. ఉపమానం పూర్తి కాకముందే అందరూ నవ్వారు. అది 1559 నాటిదని ఎంత చెప్పినా, పుల్పిట్ మీద అప్పటికప్పుడు నేను అల్లిన సాకేనని మా యౌవనస్థులు ఈనాటికీ నమ్ముతున్నారు.