మాదీ వైన్స్ ఊరే

మా మేనత్త మనవడు కాలిఫోర్నియాలో నాపా దగ్గర ఓ చిన్న ఊళ్ళో ఉంటాడు. ఎటు చూసినా ద్రాక్షతోటలేనట. ఫోన్ చేసినప్పుడల్లా "మామా, మాది వైన్ ఊరు" అంటాడు. నేనెందుకు తగ్గుతాను? "మాదీ వైన్స్ ఊరే అల్లుడూ. మీది ఏకవచనం, మాది బహువచనం" అన్నాను.

కలిగిరి అవతల మా ఊళ్ళో పొగాకు పండుతుంది, మినుములు పండుతాయి. ద్రాక్ష పండదు. అంత మాత్రానికే ఊరి హోదా తగ్గించడం న్యాయం కాదు. బోర్డు మీద వైన్స్ అని ఉంది. లోపల వైన్ తప్ప అన్నీ ఉన్నాయి.

అక్కడ రుచి చూడడం పెద్ద తతంగమట. గ్లాసు కాడ పట్టుకుని తిప్పి, వాసన చూసి, నోట్లో పుక్కిలించి, చివరికి బకెట్లో ఉమ్మేస్తారట. ఈ సంగతి షాపు దగ్గర చెబితే మా పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డబ్బులు పోసి కొని ఉమ్మేస్తారా? ఆ ఊరోళ్ళకి పిల్లనిచ్చే పనే లేదు" అని తేల్చేశాడు. మా పద్ధతిలో వృథా లేదు. క్వార్టర్ తలకిందులు చేసి, అడుగున మోచేత్తో ఒక్కటి పొడిచి మూత తిప్పుతారు. ప్లాస్టిక్ గ్లాసులో సగం అది, వాటర్ ప్యాకెట్ మూల పంటితో కొరికి మిగతా సగం నీళ్ళు. పక్కన కాగితంలో ఉడికించిన శనగలు. వాసన చూసే పని తాగినవాడిది కాదు, ఇంట్లోవాళ్ళది.

ఫ్రాన్స్‌లో బోర్డో అనే ప్రాంతపు వైన్లను 1855లో ధరల్ని బట్టి ఐదు తరగతులు చేశారు. మాకు 2024 అక్టోబర్ నుంచి రెండే తరగతులు: 99 రూపాయల క్వార్టర్, మిగతావి.

ఇక చరిత్ర. అమెరికాలో మద్యనిషేధం 1920లో పెట్టి, ఎత్తేయడానికి 1933 దాకా ఆగారు. మనం 1995లో పెట్టి 1997కల్లా ఎత్తేశాం. పనితనం ఎవరిదో మీరే చెప్పండి. అసలు ఈ గొడవకి మొదలు మా దూబగుంట ఆడవాళ్ళే. 1992లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ సారా కొట్టు మూయించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా బంద్. అప్పట్నుంచీ పెద్దవాళ్ళ చదువుల విషయంలో ప్రభుత్వాలు చాలా జాగ్రత్తగా ఉంటున్నాయి.

ద్రాక్షకోతల టైముకి రమ్మని అల్లుడు పిలిచాడు. మా కోతలు నెలనెలా ఒకటో తారీఖున. పింఛను పంచేవాళ్ళు వచ్చేసరికే పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు సారా కొట్టు ముందు చీపురు పట్టుకుని నిలబడిన మనిషి. పెదనాన్న వేలిముద్ర వేస్తాడు, నోట్లు ఆమె అందుకుంటుంది. 4,000 లెక్కపెట్టి కొంగున ముడేసి బొడ్లో దోపుకుంటుంది. మొన్న ఒకటిన మాత్రం మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయింది. మధ్యాహ్నం పెదనాన్న తెచ్చిచ్చిన డబ్బు లెక్కపెడితే 3,901 రూపాయలు.