బిగుతు జీన్స్ ప్యాంటు గారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బిగుతు జీన్స్ ప్యాంటు గారి దివ్యసముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రోజూ సైకిల్ మీద సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి, ట్యూషన్లు చెప్పుకొని తిరిగి వచ్చే ఒక మాస్టారు నమస్కరించి రాసుకొనే విన్నపం ఏమనగా: మా వీధిలోని ప్రతి కుర్రవాడి తొడల మీదా తమరు కొలువుతీరి ఉండడం కళ్లారా చూస్తూనే ఉన్నాము. పెళ్లిళ్లకు, ఫోటోలకు, కూల్‌డ్రింకు షాపు ముందు జేబులో సగం చెయ్యి పెట్టుకొని నిలబడడానికి తమరు తగినవారే. నిలబడి ఉన్నంతసేపూ తమంత అందగాడు లేడు. చిక్కల్లా మనిషి కూర్చున్నప్పుడు, అందులోనూ సైకిల్ సీటు మీద కూర్చున్నప్పుడు మొదలవుతుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇంత లాంఛనంగా రాస్తున్నందుకు ఆ మహానుభావుడు మన్నించాలి. తమరితో వ్యవహారం కనుక ఉత్తరం కూడా కాస్త బిగించి రాయవలసి వచ్చింది.

మొన్న మా మేనల్లుడు తమరిని తొడుక్కొని నా సైకిల్ తీయబోయాడు. తొడుక్కోవడమంటే మంచం మీద వెల్లకిలా పడుకొని, పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి బొత్తాం పెట్టుకోవడమన్నమాట. తరువాత వీధిలోకి వచ్చి, ఎడమ కాలు పెడల్ మీద ఆనించి, కుడి కాలు వెనక నుంచి తిప్పబోయేసరికి ఆ కాలు క్యారియర్ ఎత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కు రాదు. "మావయ్యా, కాస్త సైకిల్ పట్టుకోవా" అన్నాడు. నేను హ్యాండిల్ పట్టుకున్నాను, వాడు నా భుజం పట్టుకున్నాడు. కాలైతే ఎలాగో అవతల పడింది గాని, దానితోపాటు పర్రుమని ఒక చప్పుడు కూడా వినబడింది. గజ్జల దగ్గర మొదలైన కుట్టు వెనక జానెడు మేర విడిపోయింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి అమ్మాయి స్కూలు పంజాబీ డ్రెస్సులో, చున్నీని నడుముకు బిగించి ముడివేసుకొని, బెల్లు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. మావాడు రెండు చేతులూ వెనక కట్టుకొని ఇంట్లోకి నడిచిన తీరు చూస్తే, ఎవరో పెద్దమనిషి పంచాయతీ తీర్పు ఆలోచిస్తున్నాడనుకోవాలి.

గాయపడిన తమరిని దర్జీ దగ్గరకు మోసుకుపోయింది నేనే. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తమరిని తిరగేసి, ముందు కుట్టూ వెనక కుట్టూ రెండు కాళ్ల లోపలి కుట్లూ వచ్చి కలిసే చోట బొటనవేలితో నొక్కి, "కుట్టు తప్పు కాదు మాస్టారూ, అసలిక్కడ గుడ్డ ఉంటే కదా" అన్నాడు. నాలుగు కుట్లు, వాటి మడతలు ఒకదాని మీద ఒకటి పడి అక్కడ గట్టి బుడిపె తయారవుతుంది. సైకిల్ తొక్కే మనిషి బరువుకూ సీటుకూ మధ్య ఆ బుడిపెను తెచ్చి పెట్టడం తమరి ప్రథమ ఘనకార్యం. నిమిషానికి అరవై చుట్ల చొప్పున పెడల్ తిప్పేవాడు అరగంటలో ఒక్కొక్క మోకాలిని 1800 సార్లు ఎత్తి దించుతాడు. మోకాలు పైకి వచ్చినప్పుడల్లా తొడ మీది గుడ్డకు సాగడానికో జరగడానికో వీలుండాలి. ఆ వీలు లేని తమరు ఆ 1800 సార్లూ మోకాలి చిప్పను నొక్కి, గజ్జలను ఒరిపిడి పెట్టి, చివరకు ఎక్కడో ఒకచోట లొంగక తప్పదు కనుక వెనక నడుము దగ్గర కిందికి జారి, వెనక సైకిళ్లవారికి వారు కోరని దర్శనం ప్రసాదిస్తారు. ముందు జేబులోని సెల్‌ఫోను మూల తొడ మొదట్లో పొడవడం, తాళంచెవుల గుత్తి తన అచ్చును చర్మం మీద వేసిపోవడం కొసరు.

ఇక చెమట సంగతి. సముద్రం మాకు మరీ దూరం కాదు, మహేంద్రగిరి నీడన ఉన్నా ఉక్కపోతకు కొదువ లేదు. దళసరి గుడ్డ చెమటను పీల్చుకుంటుంది గాని, గాలి ఆడదు కనుక ఆరనివ్వదు. తడిసిన గుడ్డ ఒరుసుకున్న చోట చర్మం ఎర్రబడి, మర్నాటికి మంట పుడుతుంది. వానలో తడిస్తే తమరి బరువు మోయడానికి మరో మనిషి కావాలి, దండెం మీద వేస్తే మర్నాటి వరకు నీళ్లు కారుస్తూనే ఉంటారు.

తమరి వంశం ఆదిలో ఇలాంటిది కాదని విన్నవించడం నా ధర్మం. 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వర్తకుడు కలిసి ప్యాంటు జేబుల మూలలకు రివెట్లు బిగించే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నారు. అప్పటి తమ తాతగారు గనుల్లోనూ పొలాల్లోనూ వంగి లేచే కూలీల కోసం పుట్టినవారు, అందుకే ఒంటి మీద వదులుగా ఉండేవారు. బిగించింది రివెట్లను, కూలీవాడి తొడలను కాదు.

బిగుతు బట్టలన్నీ చెడ్డవని కూడా నేననను. సైకిల్ పందేలవాళ్లు వేసుకొనే లైక్రా నిక్కరు తమకంటే బిగుతు. 1958లో డ్యుపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన ఆ దారం మనిషితోపాటు సాగి, మనిషితోపాటు తిరిగి వస్తుంది. ఆ నిక్కరుకు సీటు మీద కూర్చొనే చోట బుడిపె కుట్టు ఉండదు, లోపల మెత్తటి ప్యాడు ఉంటుంది, గాలికి రెపరెపలాడి వేగం తగ్గించదు. పందెం గెలవవలసినవాడికి అది సబబు. పాతపట్నంలో పిల్లలకు సూక్ష్మీకరణాలు చెప్పవలసినవాడు ఆ నిక్కరుతో ఎవరింటి గడపా తొక్కలేడు గనుక, మాకు వదులు బట్టే గతి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. పెద్దలు గీసిన ఆ గీతను మేము కూరగాయల సంచీ హ్యాండిల్‌కు తగిలించుకొని రోజూ దాటుతూనే ఉన్నాము. రెండు రాష్ట్రాల సరిహద్దు ఇచ్చిన వెసులుబాటు తమరి తొడ కుట్టు ఇవ్వకపోవడం న్యాయమేనా?

అయితే వదులుకూ ఒక పద్ధతి ఉంది. 1970ల నాటి బెల్‌బాటం తొడ దగ్గర తమలాగే బిగుతు, పాదం దగ్గర మాత్రం గోనెసంచి. సైకిల్‌కు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. చైను కుడివైపున ఉంటుంది కాబట్టి ఆ కాలి అంచు ఎగిరితే పళ్లచక్రం పట్టి నమిలేస్తుంది. ఎంత ఖరీదైన ప్యాంటైనా ఆ గ్రీజు మరకతో ఇక సైకిల్‌కే అంకితం. మా పాతతరం పంతుళ్లు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే గ్రహించి, పొందూరు ఖద్దరు పంచె కుచ్చెళ్లు ఎగదోపుకొని, ప్యాంటు వేసిన రోజున కుడి కాలికి క్లిప్పు పెట్టుకొని తొక్కేవారు. క్లిప్పు లేని రోజున రబ్బరు బ్యాండు, అదీ లేకపోతే మేజోడులోకి దోపడం. ఎదురింటి అమ్మాయి సల్వారు తొడల దగ్గర ధారాళంగా ఉండి, చీలమండ దగ్గర సన్నబడి, కాళ్లు కలిసే చోట అదనపు ముక్క కలిగి ఉంటుంది. ఆమె చున్నీని ముడివేసుకున్నది కూడా సోకు కోసం కాదు, వెనక చక్రం ఊచల్లో పడిన చున్నీ మెడకు బిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. 1881లో లండన్‌లో ఆడవాళ్లు ఒంటిని బిగించని, హేతుబద్ధమైన దుస్తుల కోసం ప్రత్యేకంగా ఒక సంఘమే పెట్టుకోవలసి వచ్చింది. మా వీధిలో ఆ పని ఒక దర్జీ కత్తెర చడీచప్పుడూ లేకుండా చేసిపెట్టింది.

కనుక తమరు మళ్లీ సైకిల్ ఎక్కదలచుకుంటే మా దర్జీ షరతులకు ఒప్పుకోవాలి. గజ్జల దగ్గర డైమండు ఆకారపు అదనపు ముక్క వేయించుకోవాలి, కూర్చుంటే తొడ మీద గుడ్డ పిడికిట చిక్కేంత వదులు ఉండాలి, వెనక నడుము ముందుకంటే రెండు వేళ్లు ఎత్తుగా రావాలి, కాలి అంచు సన్నగా ఉండాలి, గుడ్డ పలుచని నూలుదై ఉండాలి. ఇవన్నీ చేశాక తమరు జీన్స్ ప్యాంటుగా మిగలరని దర్జీ అభిప్రాయపడ్డాడు, నేను కాదనలేకపోయాను. ఒప్పుకోకపోయినా తమరి మర్యాదకు లోటు చేయము. మా మేనల్లుడి పెళ్లిచూపులకు తమరినే పిలుస్తాము, ఆ రోజు మాత్రం ఆటో మాట్లాడుతాము.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి తమ విధేయుడు,
కుడి కాలికి క్లిప్పు పెట్టుకొన్న మాస్టారు